కవులున్న సీమకుఁ బాఠకులు కావలయును

కవిత్వము నాస్వాదించుటకు శాస్త్రము తెలియవలయునా యని మనలోఁ బెక్కుమంది యడుగుదురు. మామిడిపండు తీపి యెఱుఁగుటకు వృక్షశాస్త్రము చదువ నక్కఱలేదు గదా యని వారి వాదము. వినుటకు వాదము సొంపుగనే యున్నది. కాని కొల్లాపురమున మామిడితోఁట గల యాసామి నొకని నడిగి చూడుఁడు. ఏ చెట్టు కాయ యూరగాయకుఁ బనికివచ్చునో, ఏ చెట్టు పండు రసమునకుఁ దగునో, ఏది ముందుగాఁ గాఁపునకు వచ్చునో, ఏది నిలువ యుండునో పేరుపేరున నెఱిఁగినవాఁడే తోఁటను గాపాడుకొనఁగలఁడు. పేరు లెఱుఁగనివాఁడు పండు తినును. తోఁటను మాత్రము పోఁగొట్టుకొనును. కవిత్వము విషయమున మన స్థితి నేఁ డించుమించుగ నిట్లే యున్నది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమవారికి ఈ మాట తక్కినవారికంటె నెక్కువగా వర్తించును. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన మహబూబ్‌నగరు జిల్లానుండి విడివడి మూఁడు జిల్లాలుగా నేర్పడిన యీ ప్రదేశము, నిజాము రాజ్యకాలమున గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానములకు నెలవు. గద్వాలను 'విద్వద్గద్వాల' యనియే లోకము పిలిచెను. ఒక యూరికి పంటనుబట్టియో, కోటనుబట్టియో, దేవునిబట్టియో పేరు వచ్చుట సామాన్యము. విద్వాంసులనుబట్టి పేరు వచ్చుట యరుదు.

అట్టి సీమమీఁదనే యొకప్పు డొక యపనింద పడినది. నిజాము రాష్ట్రమునఁ దెలుఁగు కవులు లేరని యొక రనఁగా, దానికి సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించిరి. అందు 354 మంది కవులు గలరు. వాదము చేయలేదు, కోపపడలేదు, కవులను వరుసగా నిలిపి చూపిరి. 1896లో జన్మించిన ప్రతాపరెడ్డిగారి స్వగ్రామము గద్వాల ప్రాంతమందలి ఇటిక్యాలపాడు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించినది వారే. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికయినదియు వారే. కావున ఆ సమాధానము ఈ మట్టిలోఁ బుట్టిన సమాధానమే.

కవులు లేరను నింద యట్లు తొలఁగినది. కాని నేఁడు మనమీఁదికి వచ్చుటకు మఱియొక నింద కాచికొని యున్నది. కవులుండిరి, సరే, వారిని జదివి తెలిసికొనువా రెవ్వరు? ఈ ప్రశ్నకు సంచిక వేసి సమాధానము చెప్ప వీలులేదు. ఒక్కొక్క పాఠకుఁడు తన చెవితోఁ దానే చెప్పవలయును. ఆ చెవికిఁ గావలసిన పనిముట్లే అలంకారము, ఛందస్సు, ధ్వని మొదలగు పేరులు.

సభలో నెవరు కూర్చుండిరి?

సంస్థానములను దలఁచినప్పుడు మనము ప్రభువును, కవిని మాత్రమే తలఁతుము. వారి నడుమ సభ యొకటి యుండెనని మఱచుచున్నాము. తిరుపతి వేంకటకవులుగాఁ బ్రసిద్ధులైన దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారలు గద్వాల, ఆత్మకూరు మున్నగు సంస్థానములను సందర్శించి యవధానములతో మెప్పించిరి. వారి 'నానారాజసందర్శనము' ఇట్టి ప్రయాణముల ఫలమే. అవధానమన నేమి? పృచ్ఛకుఁ డొకఁడు సమస్య నిచ్చును. అది పైకి అసంబద్ధముగాఁ దోఁచు పద్యపాదము. మఱియొకఁడు దత్తపది నిచ్చును. అనఁగా నాలుగు మాటలిచ్చి, వానికి సంబంధములేని వస్తువుమీఁదఁ బద్యము చెప్పుమనును. నిషిద్ధాక్షరి పృచ్ఛకుఁడు కవి నోట రాఁబోవు నక్షరమును ముందుగ నూహించి దానిని నిషేధించును.

ఈ చివరివానిని గొంచెము గమనింపుఁడు. యతిస్థాన మెక్కడనో, ఏ గణము నడచుచున్నదో, ఏ యక్షరమునకుఁ బ్రాస కుదురవలెనో తెలియక కవి త్రోవ కడ్డుపడుట యెట్లు సాధ్యము? అడ్డు తెలియని సభకు అడ్డు దాఁటిన నేర్పును దెలియదు. శాస్త్ర మెఱిఁగిన శ్రోత యుండుటచేతనే యవధానము విద్య యయ్యెను. లేకున్న గారడి యయ్యెడిది.

ఈ సీమలో శాస్త్రము నెఱిఁగినవారి సంఖ్య తక్కువది గాదు. పదునేడవ శతాబ్దమున జటప్రోలు ప్రభువైన సురభి మాధవరాయలు స్వయముగ 'చంద్రికాపరిణయము'ను రచించెను. ఆ సంస్థానము నాశ్రయించిన ఎలకూచి బాలసరస్వతి భర్తృహరి సుభాషితములను 'మల్లభూపాలీయము'గాఁ దెనిఁగించెను. వ్యాకరణమునకు వ్యాఖ్య వ్రాసెను. రాముని కథ, కృష్ణుని కథ, పాండవుల కథ ఒక్క పద్యములలోనే నడచు 'రాఘవయాదవపాండవీయము'ను నిర్మించెను. ఇరువదవ శతాబ్దారంభమున వనపర్తి సంస్థానముతో సంబంధము గల మానవల్లి రామకృష్ణకవిగారు, నన్నెచోడుని 'కుమారసంభవము'ను 1909లో వెలికిఁ దెచ్చిరి. భరతుని నాట్యశాస్త్రమును అభినవగుప్తుని వ్యాఖ్యతోఁ బరిష్కరింపఁగా దాని ప్రథమభాగము 1926లో బరోడాలో వెలువడినది. నాట్యసంగీతముల పారిభాషికపదములకు 'భరతకోశ'మను నిఘంటువును గూర్చిరి, అది 1951లో తిరుపతిలోఁ బ్రకటింపఁబడినది. శాస్త్రమునకుఁ బేరు లెంత ప్రాణమో ఈ యొక్క జీవితమే చెప్పును.

ఒక్క సంధ్య, ఏడు పేరులు

అలంకారముల పేరులు వినఁగనే మన పట్టణవాసులకు బడిలో వల్లించిన లక్షణములు జ్ఞప్తికి వచ్చి తలనొప్పి కలుగును. లక్షణమును బ్రక్కన నుంచి లక్ష్యమును జూతము. గద్వాల చీర ఈ దేశమున నెఱుఁగనివారు లేరు. నూలు నేఁతకుఁ బట్టంచును కూర్చి, జరీతో మెఱయించు నేర్పు దానిది. దానినే యుపమానముగఁ దీసికొని జూరాల జలాశయముమీఁది సంధ్యను వర్ణింతము.

'సంధ్యాకాశము గద్వాల చీర యంచువలె మెఱయుచున్నది' అంటిమి. ఇది యుపమ. వర్ణింపఁదలఁచిన సంధ్యాకాశము ఉపమేయము. పోలికకుఁ దెచ్చిన చీర యంచు ఉపమానము. రెంటికిని గల మెఱపు సమానధర్మము. 'వలె' యనునది ఉపమావాచకము. నాలుగును జెప్పిన పూర్ణోపమ. ఒకటియో రెండో లోపించిన లుప్తోపమ.

'వలె'ను దీసివేసి 'సంధ్యాకాశము గద్వాల చీర యంచే' యంటిమి. ఇది రూపకము. 'ఆకాశము గద్వాల చీర కట్టుకొన్నదో యన్నట్లున్నది' యన్న నుత్ప్రేక్ష. 'ఇది సంధ్యయా, చీర యంచా?' యన్న సందేహము. చీర యారవేసిరని తలఁచి పసిపాప దానిని బట్టుకొనఁ జేయి చాఁచెనన్న భ్రాంతిమంతము. 'ఇది సంధ్య కాదు, చీర యంచే' యన్న నపహ్నవము. సంధ్య మాటయే యెత్తక, 'పడమటి దిక్కున నెవరో పట్టంచు పఱచిరి' అన్న, ఉపమేయమును మ్రింగిన రూపకాతిశయోక్తి. మన పల్లెలలోఁ బిల్లలు వేయు పొడుపుకథలలోఁ బెక్కింటికి మూల మీ చివరిదే. వస్తువును దాఁచి పోలికను జెప్పి, దాఁచినదానిని విప్పుమనుటయే గదా పొడుపు!

చూచినది యొక్కటే సంధ్య. తెచ్చిన పోలిక యొక్కటే చీర. మాఱినది మనస్సు. ఉపమలో మనస్సు రెంటిని వేఱువేఱుగఁ బట్టుకొని చూచుచున్నది. రూపకమున రెంటిని గలిపివేసినది. ఉత్ప్రేక్షలోఁ గల్పన యని తెలిసియుఁ గల్పించుచున్నది. సందేహమున ఊఁగులాడుచున్నది. భ్రాంతిలో మోసపోయినది. అపహ్నవమున నిజమునే కాదనుచున్నది. పదునాఱవ శతాబ్దపు అప్పయ్యదీక్షితులు తన 'చిత్రమీమాంస'లో ఉపమ యొక్కతియే నటి యనియు, కావ్యరంగమునఁ బెక్కువేషములు వేసి రంజింపఁజేయుచున్నదనియుఁ జెప్పినది దీనినే. భరతుఁడు నాట్యశాస్త్రమున ఉపమ, రూపకము, దీపకము, యమకము అని నాలుగే యలంకారములు చెప్పెను. అప్పయ్యదీక్షితుల 'కువలయానంద'మునాఁటికి అవి నూఱు దాఁటినవి. మనస్సు పోకడలు చూచినకొలఁదిఁ బేరులు పెరిగినవే కాని, పండితులు పనిలేక పెంచినవి కావు.

దీని ప్రయోజనము కావ్యముతోఁ బోదు. ఎన్నికల సభలో నొక వక్త తన నాయకుని 'సింహమువంటివాఁ'డన్నచో, ఏ ధర్మమున సింహమువంటివాఁడో చెప్పుమని యడుగ వచ్చును. 'సింహమే' యన్నచో ఆ ప్రశ్నకుఁ దావే మిగులదు. 'నేఁతపనివారి కష్టము తీఱినదో యన్నట్లున్నది' యన్న కల్పనకును, 'తీఱినది' యన్న వార్తకును గల భేదము తెలిసిన పౌరుని మోసగించుట సులభము గాదు. ఉపమకు రూపకమునకుఁ గల భేద మెఱుఁగుట దేశహితమునకును బనికివచ్చు విద్యయే.

ఏటికిఁ బోయి వచ్చిన శబ్దము

ఇవి యర్థాలంకారములు. శబ్దముమీఁద నాధారపడినవి శబ్దాలంకారములు. మాటను మార్చి పర్యాయపద ముంచినను నిలుచునది యర్థాలంకారము. మాట మార్చఁగనే పోవునది శబ్దాలంకారము. ఈ యొక్క పరీక్ష తెలిసినఁ జాలును.

'కోడి కూయకమునుపే కాఁపు కోడెలు కాడిక్రింద కదలినవి' యన్న వాక్యమున కకారము మరల మరల వచ్చుట వృత్త్యనుప్రాస. 'నీరున్న పొలమే పొలము' అని మన రైతు లందురు. అక్షరము మాఱలేదు, అర్థమును మాఱలేదు. కాని రెండవ 'పొలము'నకు 'నిజమైన పొలము' అను తాత్పర్యము వచ్చినది. ఇది లాటానుప్రాస. పేరు వినని రైతు ప్రతిదిన మీ యలంకారమును బ్రయోగించుచునే యున్నాఁడు. 'ఏటేటికి ఏటి నీరు తగ్గుట యేటికి?' అన్నచో, మొదటిది సంవత్సరము, రెండవది నది, మూఁడవది 'ఎందుకు' అను ప్రశ్న. శబ్ద మొక్కటి, అర్థము వేఱు, ఇది యమకము.

ఒకసారియే పలికిన మాట రెండర్థముల నిచ్చిన శ్లేష. 'కృష్ణానది యీ సీమకు జీవనము నిచ్చుచున్నది' యన్నచో, 'జీవనము'నకు నీరనియు నర్థము కలదు, బ్రతుకనియు నర్థము కలదు. రెండును సత్యములే. ఇట్టి శ్లేష పాఠకునకు బరువుగాఁ దోఁపదు, కారణ మేమన, రెండర్థములును ఒకే యనుభవమునుండి పుట్టినవి. ఇట్టి మాటలను వందలకొలఁది కూర్చి, 'హరి' యన విష్ణువు, ఇంద్రుఁడు, కోఁతి, సింహము, గుఱ్ఱము మున్నగు నర్థములు గల పదములను నాధారముగఁ జేసికొని, కొన్నిచోట్ల పదమును వేఱువిధముగ విఱిచి చదివించుచు మూఁడు కథలను నడపుటయే బాలసరస్వతి పూనిన పని. పదమును విఱువక యర్థములు వచ్చిన నభంగశ్లేష, విఱిచిన సభంగశ్లేష. ఈ రెండు మాటలు తెలియనివానికి ఆ కావ్యము మూసిన తలుపు. తెలిసినవానికి అది కనీసము తాళపుఁజెవి చేతనున్న తలుపు. తెఱచిన పిమ్మట లోపలి గృహము నచ్చినను నచ్చకున్నను నతని యిష్టము.

ఊరి పేరులలో గణములు

ఛందస్సునకు భయపడువా రింకను నెక్కువ. వారి భయము తీఱుటకుఁ దమ యూరి పేరే చాలును. ఏకమాత్రాకాలమునఁ బలుకునది లఘువు; ద్విమాత్రాకాలమునఁ బలుకునది గురువు. దీర్ఘాక్షరము గురువు, సున్నతోఁ గూడినది గురువు, పొల్లుతోఁ గూడినది గురువు, సంయుక్తాక్షరమునకు ముందున్నది గురువు. 'గద్వాల' యన్నచో 'ద్వా'కు ముందున్న 'గ' గురువు, 'ద్వా' గురువు, 'ల' లఘువు, ఇది తగణము. 'వనపర్తి' యన్నచో రెండు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు, ఇది సలము. 'పాలెము' భగణము. ఈ మూఁడును ఇంద్రగణములే. 'కోట' యన్న గురువు, లఘువు, ఇది సూర్యగణము. ఊరిపేరు పలికిన ప్రతివాఁడును దెలియకయే ఛందస్సు పలుకుచున్నాఁడు.

పాదమునకు మూఁ డింద్రగణములు, ఒక సూర్యగణము. మూఁడవ గణము మొదటి యక్షరము పాదాద్యక్షరముతో యతి కలియవలయును. రెండుపాదములకు రెండవ యక్షరమునఁ బ్రాస యుండవలయును. ఇదియే ద్విపద. ఉదాహరణార్థము మేమే కూర్చిన దొకటి:

గద్వాల కోటలోఁ గవుల కూటమిని
విద్వాంసు లెల్లరు వినుతించి రెలమి.

'గద్వాల, కోటలో, గవులకూ, టమిని' అని గణములను విఱిచి చూడుఁడు. 'గ'కు 'గ' యతి. రెండవ పాదమున 'వి'కి 'వి' యతి. 'ద్వ'కు 'ద్వ' ప్రాస. ఇందుఁ గవితాగుణ మేమియు లేదు. నడక మాత్ర మున్నది. నడక వేఱు, కవిత్వము వేఱు అని తెలియుటకును ఛందస్సు తెలియవలయును.

ఈ ద్విపదకును ఈ సీమకును బాంధవ్య మున్నది. నాగర్‌కర్నూలు ప్రాంతమందలి నేఁటి వడ్డెమానే గోన వంశీయుల వర్ధమానపురము. ఆ వంశమువాఁడగు గోన బుద్ధారెడ్డి రామాయణమును యుద్ధకాండమువఱకు ద్విపదలోఁ జెప్పెను, అదియే 'రంగనాథరామాయణము'. మిగిలిన యుత్తరకాండమును ఆయన పుత్రులు కాచభూపతి, విట్ఠలరాజు పూర్తిచేసిరి. చదువురాని స్త్రీపురుషులకును నోటికి వచ్చు ఛందమును ఒక రాజకుమారుఁడు కోరి యెన్నుకొనుట సామాన్యవిషయము గాదు. ఛందస్సును ఎన్నుకొనుటయే శ్రోతను ఎన్నుకొనుట. ద్విపద యననేమో తెలియనివానికి బుద్ధారెడ్డి ఔదార్యము సగమైనను దెలియదు.

చెరువు నిండినది

అలంకారమును, ఛందమును దాఁటి పోవున దొకటి గలదు. మాటకు మూఁడు శక్తులు గలవని మనవారు చెప్పిరి. సూటియైన యర్థము నిచ్చునది అభిధ. సూటియర్థము కుదురనప్పుడు దానికి సంబంధించిన వేఱర్థమును దెచ్చుకొనునది లక్షణ. 'ఊరంతయు సభకు వచ్చినది' యన్నచో వచ్చినవి యిండ్లు గావు, జనులు. మూఁడవది వ్యంజన. దానివలన వచ్చునదే ధ్వని. తొమ్మిదవ శతాబ్దమునఁ గాశ్మీరదేశపు ఆనందవర్ధనుఁడు ధ్వనియే కావ్యమునకు ఆత్మ యని స్థాపించెను.

దీనికి దూర మేల పోవలయును? మన పాలమూరు రైతు 'ఈయేఁడు చెరువు నిండినది' అన్నాఁ డనుకొందము. ఇల్లాలితో నన్నచో, 'ఈయేఁడు పిల్ల పెండ్లి చేయవచ్చు'నని. అప్పులవానితో నన్నచో, 'కొంచె మోపిక పట్టు, నీ బాకీ తీరును' అని. దూరదేశమున మట్టిపని చేయుచున్న కొడుకుతో నన్నచో, 'ఇఁక నింటికి రమ్ము' అని. పాలమూరు కూలీలు దేశమందలి పెక్కు ఆనకట్టలకు, కాలువలకు మన్ను మోసిరనుట లోకవిదితము. ఆ చరిత్ర యంతయు ఈ మూఁడు మాటల వెనుక నిలుచుచున్నది. వాక్యమునఁ బెండ్లి లేదు, అప్పు లేదు, వలస లేదు. వినువానికి మాత్రము అన్నియు వినఁబడినవి. ధ్వని యన నిదియే. దీనిని వినలేనివాఁడు కావ్యమునే కాదు, కన్నతండ్రి మాటను గూడ వినలేఁడు.

ఒక యాక్షేపము

ఇంతవఱకు మేము చెప్పినదానికి బలమైన యాక్షేప మొకటి గలదు. ఈ శాస్త్రపు మోజే మన కవిత్వమును జెఱచెననియు, సంస్థానసభలలో శ్లేషలును జిత్రబంధములును బెరిగి హృదయము తఱిగిపోయెననియు విజ్ఞులు కొందఱు చెప్పిరి. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లోఁ బ్రకటించిన 'కవిత్వతత్త్వవిచారము' ప్రబంధకవిత్వమును నిశితముగ విమర్శించినది. ఈ యాక్షేపమున సత్యము లేదని మే మనఁజాలము. మూఁడు కథలను మోయు పద్యము తఱచుగా ఆ బరువుక్రిందఁ గ్రుంగును. పాఠకుఁడు నిఘంటువును వెదకుచుండఁగా సీతాదేవి దుఃఖము చల్లాఱిపోవును.

అయినను దోషమును బట్టి చూపినది యెవరు? శాస్త్రమే. రసావేశములోఁ గవికిఁ బ్రత్యేకప్రయత్నము లేకయే వచ్చిన యలంకారమే యలంకారమని ఆనందవర్ధనుఁడే శాసించెను. ఔచిత్యము తప్పిన యలంకారము మెడకు మొలనూలు కట్టుకొన్నట్లు నవ్వులపాలగునని పదునొకండవ శతాబ్దమున క్షేమేంద్రుఁడు హెచ్చరించెను. గుణములకు వలెనే దోషములకును మనవారు పేరులు పెట్టిరి. వైద్యుఁడు మందెక్కువ యిచ్చిన వైద్యశాస్త్రమును దగులఁబెట్టుదుమా? శాస్త్ర మెఱుఁగనివాఁడు ఆడంబరమును జూచి మెచ్చుకొనును, లేదా భయపడి పాఱిపోవును. ఎఱిఁగినవాఁడు మాత్రమే ఇది యందము, ఇది యతిభార మని నిర్భయముగఁ జెప్పఁగలఁడు.

చేయవలసినది

సంస్థానములు పోయినవి. గద్వాలను 1924నుండి పాలించిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారితో నా యేలుబడి ముగిసినది. 1949లో జాగీరులు రద్దయినవి. అవి పోయినందులకుఁ బ్రజలు దుఃఖింపలేదు, దుఃఖింపవలసినదియు లేదు. వెట్టియు, పన్నుల బాధయు నెఱిఁగినవారు ఆ కాలము మరల రావలెనని కోరరు. కాని ప్రభువు మోసిన సాహిత్యభారము ఎవరి భుజముల కెక్కవలయును? ప్రజాప్రభుత్వమున నది ప్రజల భుజములకే యెక్కవలయును. నేఁడు గద్వాల కోటలో మహారాణి పేరనే కళాశాల నడచుచున్నది. విద్వాంసులు గూడిన కోటలో రైతుబిడ్డలు చదువుచున్నారు. ఇంతకంటె శుభమైన వారసత్వ మేమి గలదు?

తెలుఁగు బోధనను బడులలో నిర్బంధము చేయుచుఁ దెలంగాణ ప్రభుత్వము 2018లోఁ జట్టము చేసినది. చట్టము పుస్తకమును బడికిఁ దేఁగలదు, చెవిని దేఁజాలదు. పరీక్షలో నుపమాలంకార లక్షణమును దప్పులేక వ్రాసిన బాలుని, నీ తల్లి మాటలలో నొక్క యుపమను జెప్పుమని యడుగుఁడు. చెప్పలేఁడు. లక్షణము ముందు, లక్ష్యము వెనుక పెట్టుటయే దీనికిఁ గారణము. ఉపాధ్యాయులు వారమున కొకనాఁడు పిల్లలచేత నింటినుండి యొక్కొక్క మాటను దెప్పించి, దాని యలంకారమును దరువాతఁ జెప్పిన నాఱు నెలలలో ఫలము కనఁబడును. మూఁడు జిల్లాల గ్రంథాలయములలో వారమున కొక సాయంకాలము ఒక్క పద్యమును, దానిలోని యొక్క విశేషమును మాత్రము చర్చించిన సంవత్సరమునకు ఏఁబది పద్యములు మనవగును. ఇందులకు ధనము కావలయునా? దీపము, చాప, చదువు తెలిసినవా రొక్కరు చాలును. తాళపత్రములు, పాత ప్రతులు గల యిండ్లవారు వానిని జెదలపాలు గానీయక భద్రపఱచు గ్రంథాలయములకుఁ జేర్చుటయు నీ పనిలోని భాగమే.

ఇది యసాధ్య మనువారు నాగర్‌కర్నూలు వంకఁ జూతురు గాక. 1928లోఁ బుట్టి 2018లో దివంగతులైన కపిలవాయి లింగమూర్తిగారు ఏ రాజాశ్రయము లేకయే ఆ యూరనుండి పాలమూరు సీమ దేవాలయములను, కావ్యములను, స్థలచరిత్రలను వెదకి, తాము గూడ శతకములు, కావ్యములు రచించి జీవితమును గడపిరి. ఒక్కరు చేసిన పనిని ఊరికి పదుగురు పంచుకొనలేరా?

శ్రీశైలజలాశయము నిండునప్పుడు కృష్ణాతుంగభద్రల సంగమముకడ నున్న కూడవెల్లి సంగమేశ్వరాలయము మునిఁగిపోవలసియుండెను. దానిని ఱాతికి ఱాయిగా విప్పి తెచ్చి ఆలంపురమున మరల నిలిపిరి. ఏ ఱాయి యెక్కడిదో, దేనిమీఁద నేది నిలువవలయునో తెలిసినవారుండుటచేత నా గుడి నేఁడు గుడిగా నున్నది. తెలియనివారు విప్పియుండినచో ఱాళ్ళకుప్ప యయ్యెడిది. మన కావ్యములును కాలప్రవాహమున మునుఁగునట్టి స్థితిలోనే యున్నవి. వానిని మరల నిలుపుటకు ఱాళ్ళ పేరులు మనకుఁ దెలియవలయును. కవులు గలరని 1934లో మన పెద్దలు 354 మందిని జూపిరి. ఆ కవులకుఁ బాఠకులు గలరని చూపు భారము మనది.